కృత్రిమ దారపు కండెలను సమానంగా ఆరబెట్టే పద్ధతులు: అనకాపల్లి తీర వస్త్ర పరిశ్రమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాలిస్టర్ దారం నీటిని దాదాపుగా తనలోకి పీల్చుకోదు. కనుక రంగు వేసిన కండెను ఆరబెట్టడం తేలికైన పనిగా కనిపిస్తుంది. తీయవలసిన నీరు నిజంగానే తక్కువ. అయితే దానిని లోపలి పొర నుంచి బయటి పొర వరకు ఒకే మేరకు తీయడం కష్టం. వేడిగాలి, పీడన గాలి, రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతులలో వేడి ఎక్కడ పుడుతుంది, ఏ భాగానికి ముందు చేరుతుంది అన్న దృష్టితో ఈ వ్యాసం వాటిని పరిశీలిస్తుంది. కండె మొత్తానికి సగటు తేమను మాత్రమే కొలిస్తే లోపం ఎందుకు దాగిపోతుందో లెక్కతో చూపుతుంది.

కీలకపదాలు: పాలిస్టర్ కుట్టుదారం, కండె, తేమ పునర్గ్రహణం, పీడన ఆరబెట్టు యంత్రం, రేడియో ఫ్రీక్వెన్సీ, అచ్యుతాపురం.

1. ఉపోద్ఘాతం:
2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడిన అనకాపల్లి జిల్లాలో వస్త్రవృత్తి రెండు రూపాలలో కనిపిస్తుంది. దక్షిణాన పాయకరావుపేట వైపు చేనేత ఉంది. తీరానికి చేరువగా అచ్యుతాపురంలో సుమారు వెయ్యి ఎకరాలలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ నెలకొల్పిన దుస్తుల నగరం ఉంది. అక్కడ వేలాది మహిళలు ఎగుమతి దుస్తులు కుడుతున్నారు. మొదటిదానిలో నూలు చిలపగా ఆరుతుంది. రెండవదాని కుట్టు యంత్రాలపై నడిచే కృత్రిమ దారం, అది ఎక్కడ తయారైనా సరే, సాధారణంగా కండెగా చుట్టిన స్థితిలోనే రంగు పొంది, ఆ స్థితిలోనే ఆరి వస్తుంది.

ఈ తేడా చిన్నది కాదు. చేనేత ఇంట రంగు నూలును గెడపై వేసినవారు మధ్యమధ్య చిలపను దులిపి, కిందిభాగం పైకి వచ్చేలా తిప్పుతారు. నీరు కిందికి జారి ఒకచోట నిలవకుండా, రంగు అక్కడ చిక్కబడకుండా చేయడమే ఆ తిప్పడంలోని ఉద్దేశం. సమానంగా ఆరబెట్టడమనే సమస్యను చేనేత చేతితోనే పరిష్కరించుకుంది. కండెలో ఆ అవకాశం లేదు. చిల్లుల గొట్టంపై వేల మీటర్ల దారం పొరమీద పొరగా చుట్టుకొని ఉంటుంది. లోపలి పొరను బయటికి తిప్పడం సాధ్యం కాదు కనుక గాలో, విద్యుత్ క్షేత్రమో ఆ పని చేయాలి.

2. నీరు ఉండే చోటు:
ప్రామాణిక వాతావరణంలో పత్తి తన పొడి బరువులో సుమారు 8.5 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. నైలాన్ దాదాపు 4 శాతం, పాలిస్టర్ కేవలం 0.4 శాతం పట్టి ఉంచుతాయి. దీనినే తేమ పునర్గ్రహణం అంటారు. పాలిస్టర్ కండెలో ఉన్న నీరంతా దాదాపుగా పోగుల మధ్య ఖాళీలలోనూ పోగుల ఉపరితలంపైనా నిలిచినదే. పోగు లోపలిది కాదు. కేశనాళికల వంటి ఆ ఖాళీలలోని నీటిలో అధికభాగాన్ని అపకేంద్ర యంత్రం, అంటే పరిశ్రమలో హైడ్రో అని పిలిచే యంత్రం, వేడి లేకుండానే విసిరివేస్తుంది. ఆవిరి చేసి తీయవలసిన నీటికంటే తిప్పి తీసిన నీరు ఎప్పుడూ చవక.

అయితే హైడ్రో నుంచి వచ్చిన కండెలో తేమ అంతటా ఒకేలా ఉండదు. అపకేంద్ర బలం నీటిని బయటి పొరలవైపు నెడుతుంది. కండె ఒకచోట గట్టిగా, మరొకచోట మెత్తగా చుట్టి ఉంటే ఖాళీల పరిమాణం మారి, నిలిచే నీరు కూడా మారుతుంది. ఆరబెట్టు యంత్రానిదిగా కనిపించే లోపాలలో చాలావాటికి మూలం చుట్టే యంత్రంలోనే ఉంటుంది. మెత్తని చుట్టుడులో సాంద్రతను, ఒత్తిడిని అదుపు చేయకుండా ఖరీదైన యంత్రం కొనడం వల్ల ప్రయోజనం పరిమితం.

3. అసమానత వల్ల నష్టం ఎవరికి:
పాలిస్టర్‌కు సాధారణంగా 130 డిగ్రీల సెల్సియస్ వద్ద, పీడనంలో, డిస్పర్స్ రంగులు వేస్తారు. ఆ ఉష్ణోగ్రతను చూసిన దారం 100 డిగ్రీల దగ్గర ఆరేటప్పుడు కొత్తగా పెద్దగా కుదించుకుపోదు. కాబట్టి అధికంగా ఆరితే దారం పాడవుతుందన్న భయం పాలిస్టర్ విషయంలో కొంత అతిశయోక్తే. అక్కడ పోయేది ప్రధానంగా శక్తి, సమయం. దానితోపాటు స్థిరవిద్యుత్తు పెరుగుతుంది. అసలు నష్టం తడి మిగిలిన పొర వల్ల వస్తుంది.

ఆరిన దారాన్ని తిరిగి కోన్‌కు చుట్టేటప్పుడు దానికి సిలికోన్, మైనం కలిసిన కందెన పూస్తారు. తడి ఉన్న మీటర్లలో కందెన సరిగా అంటదు. పరిశ్రమలోని కుట్టు యంత్రం నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తుంది. ఆ వేగంలో సూది ఉష్ణోగ్రత 200 డిగ్రీలు దాటవచ్చు. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఈ రెండింటి మధ్య దారాన్ని కాపాడేది ఆ పలుచని కందెన పొరే. అది లోపించినచోట దారం తెగుతుంది. కుట్టు ఆగుతుంది, యంత్రానికి మళ్లీ దారం ఎక్కించాలి, కుట్టిన భాగాన్ని విప్పాలి. గంటకు ఇన్ని అన్న లెక్కతో పనిచేసే కుట్టుపనివారి ఖాతాలో ఆ ఆలస్యం పడుతుంది. లోపం ఎక్కడో ఒక రంగుల శాలలో, కండె లోపలి అంగుళంలో పుట్టిందని ఆ వరుసలో ఎవరికీ తెలియదు.

రంగు విషయంలో మరొక సంగతి ఉంది. సరిగా ఉతికిన పాలిస్టర్‌లో రంగు పోగు లోపల ఉంటుంది కనుక నీటితో కదలదు. ఉతుకు చాలకపోతే ఉపరితలంపై మిగిలిన రంగు రేణువులు, రసాయనాలు నీటితోపాటు ప్రయాణించి, చివరిగా ఆవిరి జరిగినచోట పేరుకుంటాయి. కండె అంచులలో కనిపించే చిక్కని గీతలకు ఇదొక కారణం.

4. వేడిగాలి, పీడన గాలి:
సాధారణ వేడిగాలి గదిలో వేడి బయటి నుంచి లోపలికి ప్రయాణిస్తుంది. మొదట ఉపరితలం తడిగా ఉన్నంతసేపు ఆరే వేగం స్థిరంగా ఉంటుంది. పైపొర ఆరిన తరువాత అదే లోపలికి వేడి పోనివ్వని కవచంగా మారి, వేగం క్రమంగా పడిపోతుంది. లోపలి పొర ఆరేసరికి బయటి పొర గంటల తరబడి వృథాగా వేడెక్కి ఉంటుంది.

పీడన ఆరబెట్టు యంత్రం ఈ చిక్కును మరోవిధంగా ఎదుర్కొంటుంది. గాలిని సంపీడించి, వేడిచేసి, చిల్లుల గొట్టం ద్వారా కండె గుండా బలవంతంగా పంపుతారు. ముందు కొంత నీటిని గాలి ఊదివేస్తుంది, మిగిలినది ఆవిరవుతుంది. బయటికి వచ్చిన తేమగాలిని చల్లార్చి, నీటిని వేరుచేసి, అదే గాలిని తిరిగి వాడతారు. సాంద్రత పెరిగిన గాలి ఎక్కువ వేడిని మోస్తుంది కనుక సమయం బాగా తగ్గుతుంది.

అయినా ఈ పద్ధతిలో ఒక మౌలికమైన బలహీనత ఉంది. గాలి తక్కువ నిరోధం ఉన్న దారినే ఎంచుకుంటుంది. నీరు నిండిన ఖాళీ గాలిని అడ్డుకుంటుంది; ఆరిన ఖాళీ దారి ఇస్తుంది. ఒకచోట ముందుగా ఆరితే గాలి అటే ఎక్కువగా పోతుంది, అక్కడ ఇంకా త్వరగా ఆరుతుంది. అంటే గాలి పద్ధతి మొదట ఉన్న అసమానతను తనంతట తాను పెంచుతుంది. ఒక కండెపై మరొక కండె పేర్చిన నిలువు వరుసలో రెండింటి మధ్య సందు ఉన్నా, ఒక కండె మిగిలినవాటికంటే మెత్తగా ఉన్నా ఇదే జరుగుతుంది. గాలి దిశను లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి మార్చడం దీనికి పాక్షిక విరుగుడు మాత్రమే. దాని వల్ల చివరి తడి వలయం మధ్య పొరలలోకి జరుగుతుంది. వరుసలోని కండెల మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది.

తీర ప్రాంతపు తేమ వల్ల ఆరబెట్టడం ఆలస్యమవుతుందన్న వాదనను ఇక్కడ పరీక్షించవచ్చు. 30 డిగ్రీల వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిలో నీటి ఆవిరి పీడనం సుమారు 3.4 కిలోపాస్కల్‌లు. అదే గాలిని సాధారణ పీడనంలో 100 డిగ్రీలకు వేడిచేస్తే సంతృప్త పీడనం 101.3 కిలోపాస్కల్‌లు అవుతుంది కనుక సాపేక్ష ఆర్ద్రత 3.4 శాతానికి పడిపోతుంది. ఆషాఢమైనా మాఘమైనా హీటరు దాటిన గాలికి పెద్ద తేడా లేదు. తేమ ప్రభావం చల్లార్చే నీటిపై ఉంటుంది; శీతలీకరణ గోపురంలోని నీరు ఆ ఊరి గాలి తడిబల్బు ఉష్ణోగ్రతకంటే కిందికి దిగలేదు. వానకాలంలో అనకాపల్లి బెల్లం గాలిలోని తేమను పీల్చి చెమరుస్తుంది. అదే గాలిలో పాలిస్టర్ కండె బరువు దాదాపు మారదు.

5. రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతి:
ఈ పద్ధతిలో వేడి బయటి నుంచి రాదు. రెండు ఎలక్ట్రోడుల మధ్య కండెలను కదిలే పట్టాపై పంపుతారు. సాధారణంగా వాడే పౌనఃపున్యం 27.12 మెగాహెర్ట్జ్, పరిశ్రమలకు కేటాయించిన పౌనఃపున్యాలలో ఇదొకటి. ఒక ఘనపరిమాణంలో పుట్టే వేడి మూడింటి లబ్ధానికి అనులోమంగా ఉంటుంది: పౌనఃపున్యం, పదార్థపు విద్యుద్రోధక నష్ట గుణకం, క్షేత్ర తీవ్రత వర్గం. రంగుల శాల నీటి నష్ట గుణకంతో పోలిస్తే పాలిస్టర్‌ది అత్యల్పం. అందువల్ల శక్తి నీరు ఉన్నచోటికే పోతుంది, ఆరినచోట తగ్గిపోతుంది. గాలి ఆరినచోటిని వెదుక్కుంటే, ఈ క్షేత్రం తడిచోటిని వెదుక్కుంటుంది. కండెలను సమానంగా ఆరబెట్టడంలో రెండు పద్ధతుల మధ్య నిర్ణాయకమైన భేదం ఇదే.

తరంగదైర్ఘ్యం కూడా అనుకూలమే. 27.12 మెగాహెర్ట్జ్ వద్ద అది సుమారు 11 మీటర్లు. కండె దానితో పోలిస్తే చాలా చిన్నది కనుక దాని మందం అంతటా క్షేత్రం చేరుతుంది. ఇంటి మైక్రోవేవ్ పొయ్యి వాడే 2450 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్లే; కండె పరిమాణం దానికి దగ్గరగా ఉండటంతో వేడి చోట్లు, చల్లని చోట్లు ఏర్పడే అవకాశం ఎక్కువ.

ఖర్చు లెక్క కూడా చూడాలి. హైడ్రో తరువాత ఒక కిలో దారంలో 120 గ్రాముల నీరు మిగిలిందనుకుంటే, దానిని ఆవిరి చేసేందుకు గుప్తోష్ణం కింద 271 కిలోజౌళ్లు, 30 నుంచి 100 డిగ్రీలకు నీటిని వేడిచేసేందుకు 35, దారాన్ని వేడిచేసేందుకు సుమారు 84 కావాలి. మొత్తం 390 కిలోజౌళ్లు, అంటే 0.11 యూనిట్లు. విద్యుత్తు రేడియో శక్తిగా మారడంలో సామర్థ్యం 60 శాతంగా తీసుకుంటే 0.18 యూనిట్లు. హైడ్రో తరువాత పత్తి కండెలో దీనికి కొన్ని రెట్ల నీరు మిగులుతుంది. కాబట్టి ఖరీదైన విద్యుత్తుతో నడిచే ఈ పద్ధతి పత్తికంటే పాలిస్టర్‌కే ఎక్కువగా గిట్టుబాటవుతుంది. ఆవిరి బాయిలర్ ముందే ఉన్న శాలలో పీడన గాలి యంత్రం నడిపే ఖర్చు తక్కువ కావచ్చు. అక్కడ ఎంపిక నాణ్యతను బట్టి చేయాలి.

రేడియో పద్ధతికీ షరతులు ఉన్నాయి. రంగు వేసిన తరువాత కాస్టిక్ సోడా, సోడియం హైడ్రోసల్ఫైట్‌లతో చేసే శుద్ధి రసాయనాలు పూర్తిగా పోకపోతే, ఆ లవణాలున్న నీరు విద్యుత్తును ఎక్కువగా ప్రవహింపజేసి ఎక్కువ వేడెక్కుతుంది. అలాంటి కండె పక్క కండెలకంటే భిన్నంగా ప్రవర్తిస్తుంది; అంటే ఉతుకులోని లోపం ఆరబెట్టడంలో బయటపడుతుంది. లోహపు గొట్టాలు, విద్యుద్వాహక పోగులు కలిసిన దారం ఉంటే మెరుపులు లేచి దారం కాలవచ్చు. పుట్టిన ఆవిరిని వెచ్చని గాలితో ఎప్పటికప్పుడు తీసివేయకపోతే అది చల్లని భాగాలపై నీరుగా మారి కండెలపై చుక్కలుగా పడుతుంది. పట్టాపై ఎత్తు తేడా ఉన్న కండెలను కలిపి పెట్టినా క్షేత్రం సమానంగా ఉండదు. నైలాన్ తనలోనే నీటిని ఉంచుకుంటుంది, వేడికి పసుపుబారుతుంది కనుక దానికి శక్తిని తగ్గించి, తక్కువ వేగంతో నడపాలి.

6. సగటు తేమ, పొరల తేమ:
54 మిల్లీమీటర్ల గొట్టంపై 160 మిల్లీమీటర్ల వ్యాసానికి చుట్టిన కండెను ఉదాహరణగా తీసుకుంటే, గొట్టాన్ని ఆనుకున్న 10 మిల్లీమీటర్ల మందంలో మొత్తం దారంలో 11 శాతమే ఉంటుంది. బయటి 10 మిల్లీమీటర్లలో 26 శాతం ఉంటుంది. లోపలి భాగంలో 4 శాతం తేమ మిగిలి, మిగతా అంతటా 0.2 శాతం ఉంటే, కండె మొత్తాన్ని తూచినప్పుడు వచ్చే సగటు 0.63 శాతం. 0.4 శాతం సహజమైన పదార్థానికి ఈ అంకె ప్రమాదకరంగా కనిపించదు. లోపలి దారం మాత్రం స్పష్టంగా తడిగా ఉంది. పత్తి కండెను ఒకరోజు నిలువ ఉంచితే ఆరిన పొరలు పక్క పొరల తేమను పీల్చి కొంత సర్దుబాటు చేస్తాయి. పాలిస్టర్‌లో పీల్చుకునే పొరే లేదు. లోపలి నీరు ఆవిరిగా బయటికి రావలసిందే. అందువల్ల నిలువ ఉంచడం ఇక్కడ నమ్మదగిన ఉపాయం కాదు.

విద్యుత్ నిరోధాన్ని బట్టి చెప్పే చేతి తేమమాపకం పిన్నులు తాకిన పొరనే చదువుతుంది. పాలిస్టర్‌లో అంత స్వల్ప తేమ వద్ద దాని అంకె నిలకడగా ఉండదు. నమ్మదగినది పాత పద్ధతే. ఒకే విడత నుంచి, వరుసలో పైన, మధ్యలో, కింద ఉన్న మూడు కండెలను ఎంచుకోవాలి. ఒక్కొక్కదాని నుంచి బయటి, మధ్య, లోపలి పొరల దారాన్ని వెంటవెంటనే మూతగల సీసాలలోకి తీసి తూచాలి. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంతవరకు ఉంచి మళ్లీ తూచాలి. వచ్చే తొమ్మిది అంకెలలో ఒక కండె లోపలి తేడా పెద్దదైతే గాలి దిశనో, ఆరబెట్టిన సమయాన్నో సరిచూడాలి. కండెకూ కండెకూ తేడా పెద్దదైతే చుట్టుడు సాంద్రతనూ వరుస పేర్పునూ వెదకాలి. డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోని తూనిక, ఓవెన్‌లతోనే ఈ పరీక్ష చేయవచ్చు. అయితే లోపలి పొరను చేరేందుకు కండెను పూర్తిగా విప్పాలి. విప్పిన కండె అమ్మకానికి పనికిరాదు. ఉత్పత్తి విభాగాలు ఈ పరీక్షను వాయిదా వేయడానికి ఇది తరచుగా చెప్పే కారణం. ఒక విడతకు పోయేది మూడు కండెల దారం.