తేలిక రైఫిలు, బరువైన దెబ్బ

తుపాకి పేలినప్పుడు గుండు ముందునకు దూకును, తుపాకి వెనుకకు తన్నును. న్యూటను మూడవ గమన నియమమును బోధించునపుడు ఉపాధ్యాయులు తప్పక చెప్పు ఉదాహరణము ఇది. గుండు ద్రవ్యరాశిని దాని వేగముచే గుణించి, వచ్చిన దానిని తుపాకి ద్రవ్యరాశిచే భాగించినచో తుపాకి వెనుకకు వచ్చు వేగము తెలియునని పాఠ్యపుస్తకము చెప్పును. ఆ సమాధానమునకు పరీక్షలో పూర్తి మార్కులు వచ్చును. కాని వేటగాని భుజము ఆ లెక్కను ఒప్పుకొనదు. అతనికి తగులు దెబ్బ లెక్కలో వచ్చిన దానికంటె చాల పెద్దది. ఈ వెనుకదెబ్బనే ప్రత్యాఘాతము అందుము.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ వినోదపు వేటకు తలుపులు మూసివేసినవి. అందుచే మనకు ఇది భౌతికశాస్త్రపు లెక్క మాత్రమే. అమెరికాలోని రాకీ పర్వతములలో, స్కాట్లండు కొండలలో, న్యూజిలాండులో అనుమతిపత్రములతో వేట ఇంకను సాగుచున్నది. రాకీ పర్వతములలో కొండగొర్రెను వెదకువాడు దినమంతయు రాతి వాలులను ఎక్కుచు దిగుచు తిరుగును. తుపాకిని పేల్చుట ఒక్కసారి. మోయుట వేలకొలది అడుగులు. కనుక అతడు తేలిక తుపాకిని కోరుటలో వింత లేదు. ఈ కోరికను కనిపెట్టియే అమెరికాలోని వించెస్టరు సంస్థ 1952లో తన ‘మోడల్ 70’ రైఫిలును చెక్కి, తగ్గించి ‘ఫెదర్‌వెయిట్’ అను రూపమును తెచ్చినది. ఆ మాటకు ఈకబరువు అని అర్థము. సుమారు మూడున్నర కిలోగ్రాములకు పైబడిన తుపాకి మూడు కిలోగ్రాముల దరికి దిగినది. గొట్టమును పొట్టిగా, సన్నగా చేసిరి. ఉక్కు ఉండవలసిన కొన్ని చోట్ల అల్యూమినియము పెట్టిరి. తుపాకి మడమకు, అనగా భుజమునకు ఆను కొసకు, బిగించిన రేకు కూడ అల్యూమినియమే. తన్ను ఎక్కువగు తుపాకికి భుజమువైపున లోహపు రేకు పెట్టుట ఎంత తెలివియో ముందు చూతము.

ఇప్పుడు లెక్క వేయుదము. అమెరికా వేటగాండ్రకు మిక్కిలి పరిచితమైన .30-06 తూటాను తీసికొందము. అందలి గుండు బరువు సుమారు 11.7 గ్రాములు, గొట్టము విడుచునప్పటి వేగము సెకనుకు 820 మీటర్లు. రెంటిని గుణించిన ద్రవ్యవేగము 9.6 యూనిట్లు, ఇచ్చట యూనిటు అనగా సెకనుకు ఒక మీటరు వేగముతో పోవు ఒక కిలోగ్రాము వస్తువు ద్రవ్యవేగము. పాఠ్యపుస్తకము ఇచ్చటనే ఆగును. కాని తూటాలో సుమారు 3.6 గ్రాముల మందు కూడ ఉన్నది. అది కాలి వాయువగును. వాయువైనంత మాత్రమున దాని బరువు మాయమగునా? ఆ 3.6 గ్రాముల వాయువు గుండు వెనుకనే, గుండుకంటె ఎక్కువ వేగముతో, సుమారు సెకనుకు 1200 మీటర్లతో గొట్టమునుండి వెలువడును. దాని వంతు ద్రవ్యవేగము 4.3 యూనిట్లు. మొత్తము 13.9. అనగా తన్నులో ఇంచుమించు మూడవ వంతు పుస్తకము మరచిన వాయువు వలననే కలుగుచున్నది.

ఈ 13.9 అను సంఖ్యను నిర్ణయించునది తూటా; తుపాకి కాదు. నాలుగు కిలోగ్రాముల తుపాకియైనను, మూడు కిలోగ్రాముల తుపాకియైనను అంత ద్రవ్యవేగమును పుచ్చుకొనక తప్పదు. బరువైనది సెకనుకు 3.5 మీటర్ల వేగముతో వెనుకకు వచ్చును, తేలికది 4.6 మీటర్ల వేగముతో వచ్చును. గతిజశక్తి వేగపు వర్గమునుబట్టి మారునుగదా! మొదటి దాని శక్తి 24 జౌలులు, రెండవ దానిది 32. తుపాకిని ఇంకను చెక్కి రెండున్నర కిలోగ్రాములకు దించినచో 38 జౌలులు దాటును. మోయుటలో మిగిలిన ప్రతి గ్రామునకును భుజము ఈ విధముగా వడ్డీ చెల్లించును.

విద్యార్థులు ఇచ్చట ఒక ప్రశ్న వేయవచ్చును. ఇరువైపుల ద్రవ్యవేగములు సమానమైనప్పుడు గుండు తగిలిన జంతువు పడిపోవునే, తుపాకి తగిలిన మనుష్యుడు నిలిచియుండునే, ఎట్లు? గుండు శక్తిని లెక్కింపుడు: సుమారు 3900 జౌలులు. తుపాకిది 24. ద్రవ్యవేగము సమముగా పంచబడినను శక్తి అట్లు పంచబడదు. తేలికదానికే దాదాపు అంతయు దక్కును.

ఇక వేటగానికి నిజముగా నష్టము కలిగించునది ఏది? దెబ్బ గురిని చెదరగొట్టునని చాలమంది అనుకొందురు. గుండు గొట్టము దాటుటకు పట్టుకాలము సెకనులో వేయవ వంతుకు కొంచెము అటునిటు. ఆ వ్యవధిలో మూడు కిలోగ్రాముల తుపాకి వెనుకకు జరుగునది రెండు మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ మాత్రమే. భుజము నొప్పిని మనస్సు గుర్తించునప్పటికి గుండు ఎన్నో మీటర్ల దూరమున ఉండును. కాబట్టి తగిలిన దెబ్బ ఆ గుండును ఏమియు చేయలేదు. చెరచునది తగులబోవు దెబ్బను గూర్చిన భయము. నాలుగైదు మారులు గట్టిగా తన్నులు తిన్నవాని శరీరము ఆరవమారు ముందుగనే సిద్ధపడును: కన్ను మూసికొనును, భుజము ముడుచుకొనును, వ్రేలు మీటను నొక్కుటకు బదులు గుంజును. గొట్టపు కొన ఒక మిల్లీమీటరు క్రుంగినను నూరు మీటర్ల దూరమున గుండు పదునేడు పదునెనిమిది సెంటీమీటర్లు తప్పును. గుండెకు పెట్టిన గురి కాలికి తగులును. గాయపడిన జంతువు కొండ దాటి పోయి ఎచ్చటనో దినముల తరబడి బాధపడి చచ్చును. వేటను మెచ్చినను మెచ్చకున్నను, ఈ బాధను తగ్గించుట వేటగాని మొదటి బాధ్యతయని అందరును ఒప్పుకొందురు.

అందుచే తేలిక రైఫిలు కోరువాడు మొదట ఎన్నుకొనవలసినది తుపాకిని కాదు, తూటాను. 7 మిల్లీమీటర్ల మౌజరు తూటాను ఇంగ్లండులో .275 రిగ్బీ అందురు. దాని గుండు 9.1 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 810 మీటర్లు, మందు మూడు గ్రాములకు లోపు. ద్రవ్యవేగము మొత్తము 11 యూనిట్లకు మించదు. దీనిని మూడు కిలోగ్రాముల తుపాకిలో పేల్చినను తన్ను 20 జౌలులే, నాలుగు కిలోగ్రాముల.30-06 తుపాకి తన్నుకంటె తక్కువ! కుమావూ కొండలలో 1907లో చంపావతు ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్టుకు బహుమానముగా వచ్చినది ఈ .275 రిగ్బీ రైఫిలే. పెద్ద తూటా ఉన్నచో గురి కొంచెము తప్పినను ఫరవాలేదను మాట అంగళ్లలో వినవచ్చును. అది వట్టిమాట.

తూటాను నిర్ణయించిన తరువాత మిగిలిన దెబ్బను మెత్తపరచు ఉపాయములున్నవి. క్రికెట్టు ఆటలో వేగముగా వచ్చు బంతిని పట్టువాడు చేతులను వెనుకకు తీసికొనును. బంతిని ఆపు దూరము పెరిగినకొలది చేతిపై బలము తగ్గును. తుపాకి మడమకు మెత్తని రబ్బరు దిండు బిగించుటలోని కీలకము ఇదియే. 32 జౌలుల తుపాకిని ఒక సెంటీమీటరులో ఆపవలెనన్నచో సగటు బలము 3200 న్యూటనులు. రెండు సెంటీమీటర్లలో ఆపినచో అందులో సగము. భుజము కూడ వెనుకకు జరుగును గనుక నిజమైన బలము ఇంకను తక్కువగా ఉండును. పోలికకు మాత్రము ఈ అంకెలు చాలును. మడమ వెడల్పు కూడ ముఖ్యమే. అదే బలము ఇరుకు స్థలముపై పడిన పీడనము హెచ్చును.

దీనికి చక్కని సాక్ష్యము మనకు తెలిసిన .303 కుటుంబములోనే కలదు. బ్రిటిషు సైన్యము కొరకు 1944లో తయారైన ‘నెంబరు 5’ రైఫిలును జంగిల్ కార్బైను అనిరి. అంతకుముందున్న నెంబరు 4 రైఫిలు సుమారు 4.1 కిలోగ్రాములు, దీనిని 3.2 కిలోగ్రాములకు దించిరి. తన్ను పెరుగునని ఎరిగి రబ్బరు దిండు కూడ పెట్టిరి. కాని ఆ దిండు మామూలు మడమకంటె ఇరుకు. పైగా కాలము గడచినకొలది రబ్బరు గట్టిపడును. దెబ్బను తగ్గించుటకు పెట్టినది దెబ్బను ఒకచోట పోగుచేసినది! ఇక ఫెదర్‌వెయిట్ మడమపై ఉన్న అల్యూమినియపు రేకును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

పట్టు కూడ నేర్వవలసినదే. మడమకును భుజమునకును నడుమ సందు విడిచినచో తుపాకి ఆ సందులో తడవులేకుండ వచ్చి సుత్తివలె కొట్టును. గట్టిగా ఆనించినప్పుడు శరీరము మొదటినుండియే దానితో కలిసి కదలును. బల్లపై కూర్చుండి ముందునకు వంగి పేల్చినప్పుడు శరీరము స్వేచ్ఛగా ఊగలేదు. అందుచే అదే తుపాకి నిలుచుండి పేల్చినప్పటికంటె ఎక్కువగా తన్నినట్లు తోచును. తుపాకిపై దూరదర్శిని బిగించినవాడు కంటిని దానికి మరీ దగ్గరగా చేర్చరాదు. కొండవాలున పైకి గురిపెట్టునప్పుడు తల తెలియకయే ముందునకు జరుగును. కనుబొమపై అర్ధచంద్రాకారపు గాటు పడినవారు ఎందరో కలరు.

గొట్టపు కొనకు రంధ్రములుగల తొడుగు నమర్చి వాయువును ప్రక్కలకు మళ్లించు పద్ధతి మరియొకటి. వాయువు వంతు 4.3 యూనిట్లు పూర్తిగా తొలగినచో, మన మూడు కిలోగ్రాముల తుపాకి తన్ను 32 జౌలులనుండి 15కు దిగును. మరచిన వాయువును లెక్కలో చేర్చుటచే కలిగిన లాభము ఇది. దీనికి చెవులు మూల్యము చెల్లించును. రైఫిలు ధ్వని మామూలుగనే 160 డెసిబెల్లుల దరిదాపుల ఉండును; ప్రక్కకు మళ్లిన వాయువు ఆ ధ్వనిని పేల్చువాని వైపునకే, ప్రక్కనున్న తోడువాని వైపునకును తెచ్చును. చెవులకు రక్షణ లేక దీనిని వాడుట వినికిడిని పోగొట్టుకొనుటయే.

భయమును పోగొట్టుటకు మాత్రము చిన్న తుపాకియే మందు. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులు వాడు .22 రైఫిలు గుండు 2.6 గ్రాములు, నాలుగు కిలోగ్రాముల తుపాకిలో దాని తన్ను జౌలులో పదవ వంతు. పెద్ద తుపాకితో ఇరువది తూటాలు కాల్చుటకంటె దీనితో రెండువందలు కాల్చుట మేలు. భయము పోయినదో లేదో కనుగొనుటకు శిక్షకులు ఒక పరీక్ష చేయుదురు. పేల్చువానికి తెలియకుండ నిజమైన తూటాల నడుమ ఒకటి రెండు ఉత్త తూటాలు పెట్టుదురు. మీట నొక్కినప్పుడు ఉత్త తూటా టక్కుమని ఊరకుండును. ఆ క్షణమున గొట్టపు కొన కదలకున్నచో సరే, క్రిందికి క్రుంగినచో అతనిని మరల.22 వద్దకు పంపుదురు.