కుక్కపిల్ల గిన్నె ఎందుకు ఖాళీ అవుతోంది?

రండర్రా, ఇలా అరుగు మీదకి చేరండి. ఏమే చిన్నీ, మీ షిట్జూ పిల్ల ఇల్లంతా ఉచ్చ పోస్తోందని మీ అమ్మ పొద్దుగూకగానే నీళ్ల గిన్నె తీసేస్తోందటగా? ఆ పని మాత్రం చెయ్యొద్దని చెప్పు. అది అల్లరో జబ్బో ఇంకా తేలలేదు.

అంత ధారాళంగా పోస్తుంటే కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నట్టే కదా తాతయ్యా అంటారు. అక్కడే ఉంది తిరకాసు. భోగికి ముందు అటక దులపడం చూశారుగా? సామానంతా కిందికి దించేస్తాం. పనికొచ్చేవి ఏరి మళ్లీ పైకి ఎక్కిస్తాం, మిగిలింది మంటలోకి. కిడ్నీ చేసేదీ అదే. నెత్తుట్లోని నీళ్లూ, ఉప్పూ, చక్కెరా, చెత్తా అన్నీ కలిపి వడగట్టేస్తుంది. ఆ తర్వాత నూటికి తొంభైతొమ్మిది పాళ్ల నీళ్లు వెనక్కి తీసుకుంటుంది. దించడం ఎంతసేపు, ఎక్కించడమే కష్టం! చేతులు చాలకపోతే మంచి సామానూ వీధిలోనే ఉండిపోతుంది. అందుకే కిడ్నీ సరిగా లేని కుక్క రంగూ వాసనా లేకుండా నీళ్లలాగే పోస్తుంది. పోయినదాన్ని పూడ్చుకోవడానికి గిన్నె దగ్గరికి పరిగెడుతుంది. మనమేమో ఎక్కువ తాగబట్టే పోస్తోందనుకుంటాం.

ఆ చేతుల పేరు నెఫ్రాన్లు. కుక్కకి ఒక్కో కిడ్నీలో సుమారు 4 లక్షలుంటాయి. మనుషులకైతే పుట్టేలోపే అన్నీ తయారు. కుక్కపిల్లకి పుట్టాక కూడా రెండు మూడు వారాలు ఆ తయారీ సాగుతుంది. పైన కళ్లు తెరుచుకుంటుంటే లోపల కిడ్నీ ఇంకా అల్లుకుంటోందన్నమాట! నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. కొన్నిటికి ఆ పని సగంలో ఆగిపోతుంది. డాక్టర్లు రీనల్ డిస్‌ప్లేసియా అంటారు. షిట్జూల్లో, లాసా ఆప్సోల్లో ఇది బాగా తెలిసిన సంగతే. ఏడాది నిండిన కుక్క కిడ్నీ ముక్కని మైక్రోస్కోపు కింద పెడితే, గర్భంలోని పిల్లకుండాల్సిన పచ్చి నెఫ్రాన్లు అక్కడక్కడా అలాగే కనిపిస్తాయి.

ఇంగ్లిష్ కాకర్ స్పానియల్‌ది వేరే కథ. నెఫ్రాన్లు పుడతాయి గానీ వడపోత పొరలోని కొల్లాజెన్‌లో లోపం. తల్లీ తండ్రీ నిక్షేపంగానే ఉంటాయి. చెరో లోపపు జన్యువూ ఒకే పిల్లకి చేరిందంటే, రెండేళ్లు నిండేలోపే కిడ్నీలు చేతులెత్తేస్తాయి. ఆ జన్యువేదో 2007లో పట్టుకున్నారు. ఇప్పుడు జత కట్టించే ముందే పరీక్ష చేయించుకోవచ్చు.

అసలు చిక్కేమిటంటే కిడ్నీ గుట్టుగా కాపురం చేస్తుంది. మూడింట రెండొంతులు పోయేదాకా ఉచ్చ పల్చబడదు. ముప్పాతిక పోతే గానీ నెత్తుట్లో క్రియాటినిన్ అనే చెత్త పెరగదు. కాబట్టి రక్తపరీక్ష బాగుందని ఊరుకోకూడదు, మూత్రమూ చూపించాలి. పిల్ల ఎదగకపోవడం, వాంతులు, చిగుళ్లు తెల్లబడటం కూడా గమనించాలి. ఎర్రకణాలు చెయ్యమని ఎముక మూలుగకి కబురు పంపేది కిడ్నీయే మరి. ముదిరితే ఎముకల్లో సున్నం తరిగి దవడ మెత్తబడుతుంది, పాపం.

ఆగిపోయిన కిడ్నీని మళ్లీ కట్టలేం. ఫాస్ఫరస్ తక్కువుండే తిండి పెట్టి, నీళ్లకి లోటు రాకుండా చూసుకుంటే, లోపం తక్కువున్నవి ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతాయి.

చిన్నీ, రేపు కొలిచి పొయ్యి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగితే ఎక్కువే. మీదానికి ఐదు కిలోలైతే అరలీటరు లెక్క. పొద్దున్నే పోసే మొదటి ఉచ్చ పట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పట్టడానికి పొడుగు కాడ గరిటె బాగుంటుంది. మీ అమ్మ సాంబారు గరిటె జోలికి మాత్రం పోకు.