రోబ్సన్‌ను ఎలా స్మరించుకోవాలి?

పాల్ రోబ్సన్ 1976 జనవరి 23న కన్నుమూశాడు. అటు ఆటలోనూ ఇటు పాటలోనూ జనం ఆరాధించిన మనిషి. బానిసత్వం నుండి తప్పించుకొన్న తండ్రికి 1898లో పుట్టి, రట్గర్స్ కళాశాల తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, 1917, 1918లలో అఖిల అమెరికా జట్టుకు ఎంపికయ్యాడు.

ఆ దేశ ప్రభుత్వమే 1950లో ఆయన పాస్‌పోర్టు రద్దు చేసింది. నల్లజాతి హక్కులు, వలసదేశాల విముక్తి, సోవియట్ ప్రజలతో స్నేహం గురించి గొంతెత్తడమే ఆయన చేసిన నేరమల్లా. 1952లో కెనడా సరిహద్దు దాటనివ్వకపోతే, అమెరికా గడ్డమీదే లారీ ఎక్కి నిలబడి, అవతలివైపు చేరిన వేలాది జనానికి పాడి వినిపించాడు. 1957లో సముద్రగర్భంలోని టెలిఫోన్ తీగ మీదుగా లండన్ సభకు పాట పంపాడు. 1958లో గాని పాస్‌పోర్టు తిరిగి రాలేదు.

మరణానంతరం గౌరవాలు దక్కాయి. 1995లో కళాశాల ఫుట్‌బాల్ మహనీయుల శ్రేణిలో చేర్చారు. 2004లో తపాలా బిళ్ల వేశారు. ఇవి వద్దని నేననను. కాని నోరు నొక్కిన వ్యవస్థే దండ వేసినప్పుడు ఆ ఎనిమిదేళ్లు దండ మాటున దాగిపోతాయి. కండనూ కంఠాన్నీ మెచ్చుకొని, ఆ కంఠం ఎవరి పక్షాన పలికిందో మరిచిపోతే, ఆయనను రెండోసారి నిషేధించినట్టే. ఆయన పాటతోపాటు ఆ పాటకు పడిన శిక్షను కూడా చెప్పుకోవడం అభిమానులుగా మన బాధ్యత.