మోతీకో మట్టి పలక

ఇంట్లో మనిషి పోతే పదిమంది వచ్చి పలకరిస్తారు. అదే పన్నెండేళ్లు పెంచుకున్న కుక్క పోతే 'కుక్కేగా, ఇంకోటి తెచ్చుకోండి' అనేస్తారు. వెయ్యేళ్ల కిందటి వాళ్లు అలా అనుకోలేదు. క్రీ.శ. 949-50లో కర్ణాటకలోని ఆతకూరులో, అడవిపందితో పోరాడి చచ్చిపోయిన కాళి అనే వేటకుక్క పేరు రాతిమీద చెక్కించారు. ఆ శాసనం బెంగళూరు మ్యూజియంలో ఉంది.

నాకు రాయి చెక్కడం రాదు. పాటరీ క్లాసులో నేర్చుకున్న మట్టిపని మాత్రం వచ్చు. మా మోతీకి కిడ్నీలు పాడయ్యాయనీ, ఇక వారమో పదిరోజులో అనీ డాక్టరుగారు చెప్పిన సాయంత్రమే అడుగు పొడవు, అంగుళంన్నర మందాన మట్టి పలక పరిచి దాని ముందుకాలు నొక్కించాను. కాలు కడిగి తుడిచేదాకా బుద్ధిగా కూర్చుంది. నాలుగో రోజున పోయింది. ఆ ముద్ర చెదిరితే మళ్లీ రాదు. ఇక పలకను పగలకుండా కాల్చడమే నా బెంగ.

తొందరపడితే పగుళ్లే!

పలక మందంగా ఉంటే పైన ఆరినా లోపల తడి ఉంటుంది. అందుకే మట్టిలో కాల్చిన కుండపెంకుల పొడి కలిపాను. దానివల్ల మట్టి తక్కువగా కుంచించుకుపోతుంది, పగుళ్లూ తగ్గుతాయి. అంచులు ముందే ఆరిపోకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాను. కాస్త గట్టిపడ్డాక పేరు చెక్కాను. రెండు చెక్కల మధ్య పెట్టి అప్పుడప్పుడూ తిరగేస్తూ నీడలోనే ఆరు వారాలు ఆరబెట్టాను. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

కరెంటు బట్టీలో పలక కింద పల్చగా ఇసుక పరిచాం. వేడికి పలక కుంచించుకున్నప్పుడు అంటుకోకుండా జరగాలి కదా! మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే పలక పేలిపోతుంది. అందుకని రాత్రంతా 100 డిగ్రీలు దాటనివ్వలేదు. తర్వాత గంటకు 50 డిగ్రీల చొప్పున 600 దాకా పెంచాం. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్‌జ్ ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే సంకోచిస్తుంది. రెండుసార్లూ నిదానమే మంచిది. చివరికి 1000 డిగ్రీలకు చేర్చి ఆపేశాం. రెండురోజులు మూత తీయలేదు.

పలక చెక్కుచెదరలేదు. మట్టి కుంచించుకోవడం వల్ల పాదం మాత్రం కాస్త చిన్నదైంది. 'చిన్నప్పటి మోతీ కాలమ్మా ఇది!' అన్నాడు మా అబ్బాయి. అంతవరకూ దాని పేరెత్తని పిల్లాడు ఆ రోజే వెక్కివెక్కి ఏడ్చాడు.

మీరూ చేయాలనుకుంటే పలక కింద కంకర, ఇసుక వేయండి, వాననీళ్లు నిలవవు. పాకుడు పడితే బ్రష్‌తో రుద్దితే చాలు. పాటరీ రాకపోయినా ఫర్వాలేదు, నేర్పేవాళ్లున్నారు, కాల్చిపెట్టేవాళ్లూ ఉన్నారు. కాలిముద్ర మాత్రం అది ఇంట్లో తిరుగుతుండగానే తీసిపెట్టుకోండి.