సూపర్ కంప్యూటర్లలో దోష సహనం

దోష సహనం అనగా ఒక వ్యవస్థలో కొన్ని భాగాలు చెడిపోయినప్పటికీ పని ఆగకుండా, ఫలితం తప్పు కాకుండా కొనసాగించగల సామర్థ్యం. వేలాది కంప్యూటర్లను కలిపి ఒకే లెక్కకు వాడే సూపర్ కంప్యూటర్లలో దీని ప్రాధాన్యత ఎక్కువ. అలా కలిపిన ఒక్కొక్క కంప్యూటరును నోడ్ అంటారు.

ఆవశ్యకత

ఒక నోడ్ సగటున 5 సంవత్సరాలకు ఒకసారి చెడిపోతుందని అనుకుందాం. ఇంట్లో ఒక్క కంప్యూటరు ఉన్నవారికి ఇది పెద్ద విషయం కాదు. అటువంటివి 1,000 కలిపితే సుమారు 44 గంటలకొకసారి, 10,000 కలిపితే సుమారు 4.4 గంటలకొకసారి ఏదో ఒకటి చెడిపోతుంది. నోడ్లు ఒకదాని ఫలితం కోసం మరొకటి వేచి ఉంటాయి కనుక, ఒక్కటి ఆగినా మొత్తం లెక్క ఆగుతుంది.

వాతావరణ సూచన ఇటువంటి లెక్కలలో ముఖ్యమైనది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో పత్తి, వేరుశనగ చాలావరకు వర్షాధారంగా పండుతాయి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి సమీపంలోని మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచెత్తినది కూడా. వాన వెలిసిన తరువాత వెలువడే సూచన ఎంత కచ్చితమైనదైనా రైతుకు నిరుపయోగం. 2024 సెప్టెంబరులో ప్రారంభించిన వాతావరణ సూపర్ కంప్యూటర్లలో పుణెలోని అర్క సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్స్, నోయిడాలోని అరుణిక సామర్థ్యం 8.24 పెటాఫ్లాప్స్. సెకనుకు కోటి కోట్ల లెక్కలకు పదిరెట్లు చేయగలిగితే ఒక పెటాఫ్లాప్.

చెక్‌పాయింట్ పద్ధతి

ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు ముడి వేసి అక్కడి నుండే నేస్తాడు. నేసిన బట్ట ఎక్కడికీ పోదు. కంప్యూటరు మెమొరీకి ఆ సౌలభ్యం లేదు, నోడ్ ఆగితే అందులోని లెక్కంతా పోతుంది. అందువలన లెక్క స్థితిని అప్పుడప్పుడు ఉమ్మడి డిస్కులలో గాని, వేరొక నోడ్ మెమొరీలో గాని భద్రపరుస్తారు. దీనినే చెక్‌పాయింట్ అంటారు.

ఎంత కాలానికొకసారి భద్రపరచాలి? తరచుగా చేస్తే భద్రపరచడానికే సమయం ఖర్చవుతుంది, అరుదుగా చేస్తే చెడినప్పుడు చాలా పని తిరిగి చేయాలి. 1974లో జాన్ యంగ్ ఇచ్చిన సూత్రం ప్రకారం, భద్రపరచడానికి పట్టే సమయాన్ని రెండు వైఫల్యాల మధ్య సగటు కాలంతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీసుకోవాలి. భద్రపరచడానికి 6 నిమిషాలు పడితే, పై 1,000 నోడ్లకు సుమారు 3 గంటలకొకసారి, 10,000 నోడ్లకు సుమారు 56 నిమిషాలకొకసారి అని తేలుతుంది. మొదటిదానిలో వృథా సుమారు 7 శాతం; రెండవదానిలో దాదాపు ఐదవ వంతు. యంత్రాన్ని పెద్దది చేసినంత మాత్రాన లాభమంతా చేతికి రాదు.

కనిపించని దోషాలు

తెగిన పోగు వెంటనే కనబడుతుంది. రంగు తప్పిన పోగు పేకలో కలిసిపోతే బట్ట విప్పి చూసేవరకు తెలియదు. కాస్మిక్ కిరణాల ప్రభావం వలన మెమొరీలో ఒక బిట్ 0 నుండి 1కి మారడం ఇటువంటిదే. యంత్రం ఆగదు, సమాధానం మాత్రం తప్పవచ్చును. నిజానికి ఆగిపోవడం కంటె ఇదే ప్రమాదకరం. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రచురించిన పద్ధతిలో అదనపు బిట్ల సాయంతో ఒక బిట్ దోషాన్ని గుర్తించి సరిదిద్దవచ్చును. అమెరికాలోని వర్జీనియా టెక్ 2003లో 1,100 పవర్ మాక్ కంప్యూటర్లతో సిస్టమ్ ఎక్స్‌ను నిర్మించింది. అది ప్రపంచంలో మూడవ స్థానం పొందినా వాటిలో ఈ సరిదిద్దే మెమొరీ లేదు. 2004లో ఆ సౌకర్యమున్న యంత్రాలను వాటి స్థానంలో అమర్చారు.

వాతావరణ సూచనలో ఆరంభ విలువలను కొద్దిగా మార్చి ఒకే లెక్కను అనేకసార్లు చేసే సమూహ పద్ధతి కూడా ఉంది. దాని అసలు ఉద్దేశ్యం సూచనలోని అనిశ్చితిని కొలవడం. అయితే ఈ లెక్కలు ఒకదానిపై ఒకటి ఆధారపడవు గనుక, ఒకటి మధ్యలో ఆగినా మిగిలినవాటితో సూచనను వేళకు ఇవ్వడం వీలవుతుంది.