ప్రయాణంలోనూ పది నిమిషాలు

హాస్టల్లో రోజూ ఆసనాలూ, పిలాటిస్ వ్యాయామాలూ చేసే నేను ప్రయాణమనగానే మానేసేవాణ్ణి. చాప లేదు, చోటు లేదు అని సాకు. మొన్న విజ్ఞానయాత్రకు రాత్రంతా బస్సులో కూర్చుంటే, తెల్లారేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు.

ఇందులోని సూత్రం మా పొలం బావి దగ్గర చూసిందే. మోటారు నీటిని పైకి లాగుతుంది. ఫుట్‌వాల్వు ఆ నీటిని తిరిగి జారనివ్వదు. కాళ్ళ సిరల్లోనూ అలాంటి కవాటాలున్నాయి. మోటారు పని చేసేది పిక్క కండరం. కదలక కూర్చుంటే మోటారు ఆగినట్టే. రక్తం కిందనే నిలిచి, అందులోని నీరు చుట్టూ ఊరుతుంది.

అందుకని ఇప్పుడు సీట్లోనే గంటకోసారి మడమలు 20 సార్లు ఎత్తి దించుతాను. వెన్ను నిటారుగా ఉంచి 5 లెక్కపెడుతూ గాలి పీల్చి, 5 లెక్కపెడుతూ వదులుతాను. పిలాటిస్‌లో 'హండ్రెడ్' అనే వ్యాయామానికి శ్వాస లెక్క ఇదే. బస్సు ఆగినచోట దిగి తాడాసనం. బసలో పొద్దున్నే, పరగడుపున దుప్పటి పరచుకొని భుజంగాసనం, సేతుబంధాసనం.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో (1914-18) ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో నిర్బంధంలో ఉండి కూడా జోసెఫ్ పిలాటిస్ వ్యాయామం మానలేదు. మనకేం అడ్డం? మిత్రులారా, గంట కుదరకపోతే పది నిమిషాలు చేయండి. తిరిగొచ్చాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే బాధ తప్పుతుంది.