చైనాకు వచ్చిన డాలర్లు, మనకు వచ్చిన డాలర్లు

మా ఆర్థిక విభాగంలో కొత్తగా చేరిన ఒక యువ అధికారి ఇటీవల మధ్యాహ్న భోజన విరామంలో ఒక ప్రశ్న వేశారు. “చైనాకు మనకంటే ఎన్నో రెట్లు విదేశీ పెట్టుబడి వచ్చింది గదా సార్, మనం ఎక్కడ వెనుకబడ్డాం?” అప్పటికి ఏదో సమాధానం చెప్పి తప్పించుకున్నాను గాని, నాకే తృప్తి కలుగలేదు. పాత నివేదికలు తిరగవేశాను. వెనుకబడిన మాట నిజమే. అయితే ఎంత వెనుకబడ్డామన్నది మాత్రం మనం ఏ చిట్టా తెరచి చూస్తామన్న దానిపై ఆధారపడి ఉన్నది.

బయలుదేరిన వేళలోనే తేడా ఉన్నది. చైనా 1979లో విదేశీయులతో ఉమ్మడి సంస్థలకు చట్టం చేసి, మరుసటి సంవత్సరం షెన్‌జెన్ మొదలైన నాలుగు చోట్ల ప్రత్యేక ఆర్థిక మండలాలను నెలకొల్పింది. 1984లో మరి 14 తీర నగరాల తలుపులు తెరిచింది. ఆ కాలమంతా మనం 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం నీడలో ఉన్నాము. విదేశీ వాటాను సాధారణంగా 40 శాతానికి పరిమితం చేసిన ఆ చట్టానికి ఒప్పుకొనక ఐ.బి.ఎం., కోకా కోలా సంస్థలు 1970వ దశకం చివర దేశం విడిచి వెళ్ళిన సంగతి సీనియర్ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 1991 జూలై 24న ప్రకటించిన నూతన పారిశ్రామిక విధానం 34 ప్రాధాన్య పరిశ్రమలలో 51 శాతం వరకు విదేశీ వాటాకు అవలీలగా అనుమతి దొరికే ఏర్పాటు చేసింది. ప్రభుత్వరంగానికి ప్రత్యేకించిన పరిశ్రమల సంఖ్య 17 నుండి 8కి తగ్గినది కూడా ఆ విధానంలోనే. మన వంటి సంస్థలలో ఆనాడు చర్చ అంతా ఈ రెండవ అంశం మీదనే సాగిందంటే ఆశ్చర్యం లేదు.

ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ లెక్కల ప్రకారం 1991లో చైనాకు సుమారు 440 కోట్ల డాలర్ల ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి రాగా, మనకు వచ్చినది 7.5 కోట్లు. 1994 నాటికి చైనా 3,380 కోట్లకు చేరింది. మనం ఇంకా 100 కోట్లు దాటలేదు. ఆ సంవత్సరం చైనాలో అది జాతీయాదాయంలో 6 శాతం, మన దేశంలో 0.3 శాతం.

ఈ అంతరానికి ఆలస్యం ఒక్కటే కారణం కాదు. తొలి సంవత్సరాలలో చైనాకు వచ్చిన పెట్టుబడిలో సగానికి మించి హాంకాంగ్ నుండి వచ్చినదే. అక్కడ కూలి, స్థలం ఖరీదు పెరిగి ఊపిరాడని బొమ్మల, దుస్తుల, పాదరక్షల తయారీదారులు తమ యంత్రాలను సరిహద్దు దాటించి షెన్‌జెన్ పరిసరాలకు తరలించారు. భాష ఒకటే, బంధుత్వాలు ఉన్నవి, సరుకు మళ్ళీ హాంకాంగ్ రేవు నుండే ఎగుమతి అయ్యేది. మనకు అటువంటి హాంకాంగ్ లేదు. ప్రవాస భారతీయుల సొమ్ము ఎక్కువగా బ్యాంకు డిపాజిట్ల రూపంలోను, ఇంటికి పంపే ఖర్చుల రూపంలోను వచ్చింది. మన దేశానికి వచ్చిన పెద్ద సంస్థలలో అనేకం ఇక్కడి కొనుగోలుదారుని ఉద్దేశించి వచ్చినవే. పైగా ఆ దశకంలో పత్రికలలో పతాక శీర్షికలకెక్కినవి ప్రభుత్వ ఆమోదాలే గాని, వచ్చిన డబ్బు కాదు. ఆమోదించిన దానిలో సగమైనా లోపలికి రాలేదు.

ఇక లెక్కల సంగతి. చైనాలో విదేశీ సంస్థలకు పన్ను రాయితీలు ఉండేవి. కనుక స్వదేశీ సొమ్మే హాంకాంగ్ వెళ్ళి, విదేశీ వేషంలో తిరిగి రావడం పరిపాటి అయింది. ఒక అంచనా ప్రకారం 1992లో వచ్చిన పెట్టుబడిలో దాదాపు నాలుగో వంతు ఇటువంటిదే. 2008లో అందరికీ 25 శాతం పన్ను విధించడంతో ఆ ఆకర్షణ చాలావరకు తగ్గింది. మనకు మారిషస్ ఉండనే ఉన్నది. 2000 తరువాత పదిహేనేళ్ళలో మనకు వచ్చిన వాటా మూలధనంలో సుమారు మూడో వంతు ఆ చిన్న ద్వీపం పేరనే నమోదయింది. 1982 నాటి పన్ను ఒప్పందాన్ని 2016లో సవరించవలసి వచ్చింది.

లెక్కించే పద్ధతిలోనూ తేడా ఉండేది. మనం చాలాకాలం వాటా మూలధనాన్ని మాత్రమే లెక్కించాము. విదేశీ సంస్థలు ఇక్కడే తిరిగి పెట్టిన లాభాలను, మాతృసంస్థల అప్పులను కలిపి 2000-01 నుండి గణాంకాలను సవరించారు. ఆ విధంగా 2001-02 సంవత్సరపు మొత్తం 613 కోట్ల డాలర్లయింది. అందులో వాటా మూలధనం సుమారు 410 కోట్లే. చైనాతో పోల్చి మనం ఎన్నో ఏళ్ళు చిన్నబుచ్చుకున్న దానిలో కొంత భాగం మన గుమాస్తాల కలం చేసినదే!

2020లో బొమ్మ తిరగబడినట్లు కనిపించింది. మనకు 6,400 కోట్లు, చైనాకు 14,900 కోట్లు. జాతీయాదాయంతో పోలిస్తే మన వాటా 2 శాతం దాటగా, చైనాది 1 శాతం దగ్గర ఉన్నది. అయితే ఆ సంవత్సరం వచ్చినదేమిటి? ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలతో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా కొన్నది. గూగుల్ 33,737 కోట్లతో మరికొంత. అంతర్జాతీయ నిర్వచనంలో ప్రత్యక్ష పెట్టుబడికి 10 శాతం వాటా ఉండాలి. మన నిబంధనలో, స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదు కాని కంపెనీ అయితే ఎంత వాటా అయినా చాలు. దీని పక్కన పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారాన్ని పెట్టి చూడండి. సుమారు 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం, 2019లో ఉత్పత్తి ప్రారంభం. పట్టికలో రెండింటికీ ఒకే శీర్షిక.

చైనా పట్టికలు మరింత చిత్రమైనవి. 2021కి ఐక్యరాజ్యసమితి సంస్థ చూపిన మొత్తం 18,100 కోట్లు కాగా, ఆ దేశపు విదేశీ మారక శాఖ చెల్లింపుల లెక్కలో అది 34,400 కోట్లు. 2024కి వచ్చేసరికి మొదటి చిట్టాలో 11,600 కోట్లు ఉండగా, రెండవ దానిలో 200 కోట్ల... కాదు, పొరపాటు లేకుండా చెప్పాలంటే 2,000 కోట్లకు లోపే మిగిలింది. మాతృసంస్థలు వెనుకకు తీసుకొన్న అప్పులు, లాభాలు ఈ రెండవ లెక్కలో తీసివేతకు వస్తాయి. ఆ సంవత్సరం మనకు వచ్చినది సుమారు 2,760 కోట్లు. జాతీయాదాయంలో నిష్పత్తి చూస్తే రెండు దేశాలూ ఇంచుమించు సమానం.

తీసివేతలు మనకూ ఉన్నవి. 2024-25లో మన స్థూల రాక 8,100 కోట్ల డాలర్లు. విదేశీయులు వెనుకకు తీసుకొన్నది, మన సంస్థలు బయట పెట్టినది పోగా, రిజర్వు బ్యాంకు మొదట ప్రకటించిన నికర మొత్తం దాదాపు 35 కోట్లు. ఈ అంకె చూపగానే మా యువ అధికారి ఉలిక్కిపడ్డారు. నేను హ్యుందాయ్ ఉదాహరణ చెప్పాను. 1996లో చెన్నై సమీపాన అడుగుపెట్టిన ఆ కొరియా సంస్థ, 2024 అక్టోబరులో తన భారతీయ కంపెనీ వాటాలలో 17.5 శాతం ఇక్కడి మార్కెట్లో అమ్మి 27,870 కోట్ల రూపాయలు రాబట్టుకొన్నది. చిట్టాలో అది పోయిన డబ్బు. కర్మాగారం చెన్నై పక్కనే ఉన్నది, కార్లు వస్తూనే ఉన్నవి.